అడ్మిషన్ ఇంటర్వ్యూలో ఎక్కడ తడబడతారు, ఎందుకు, ఏం చేయాలి

మన దగ్గర బీటెక్ కన్వీనర్ సీటుకు ఇంటర్వ్యూ ఉండదు. ఎప్‌సెట్ ర్యాంకును బట్టి కౌన్సెలింగ్‌లోనే తేలిపోతుంది. అందుకే హైదరాబాద్ పిల్లల్లో చాలామందికి మొదటి అడ్మిషన్ ఇంటర్వ్యూ డిగ్రీ చివర్లోనో, ఆ తర్వాతో ఎదురవుతుంది. ఎంబీఏ ఎంట్రన్స్ క్యాట్ రాశాక ఐఐఎం పిలవొచ్చు, గచ్చిబౌలిలోని బిజినెస్ స్కూల్ ఐఎస్‌బీ నుంచి మెయిల్ రావొచ్చు, సెంట్రల్ యూనివర్సిటీ పీహెచ్‌డీ షార్ట్‌లిస్టులో పేరు ఉండొచ్చు. అన్నేళ్లూ రాసి మార్కులు తెచ్చుకున్నవాళ్లు ఇప్పుడు మాట్లాడి సీటు తెచ్చుకోవాలి.

సమస్య: "మీ గురించి చెప్పండి" అంటే గడగడా చెప్పేస్తారు, రెండో ప్రశ్నకు ఆగిపోతారు

కారణం బట్టీ. ఇంటర్‌లో పట్టుకున్న అలవాటు ఇక్కడికీ వస్తుంది. "ప్రతి పనీ పర్ఫెక్ట్‌గా ఉండాలనుకోవడమే నా వీక్‌నెస్" అన్న జవాబు ఇంటర్వ్యూ చేసే ప్యానెల్ పొద్దున్నుంచీ వింటూనే ఉంటుంది.

జవాబులు రాసుకోవడం మానేయండి. మీ అప్లికేషన్ ప్రింట్ తీసి, ప్రతి లైను పక్కన "ఎందుకు?", "ఎలా?", "ఇందులో నేను చేసిందెంత?" అని రాసుకుని, నోటితో జవాబు చెప్పుకోండి. ఫైనలియర్ ప్రాజెక్టు దగ్గర ఎక్కువసేపు ఆగండి. అమీర్‌పేటలో రెడీమేడ్ ప్రాజెక్టులు దొరుకుతాయని ప్యానెల్‌కూ తెలుసు. టీమ్‌లో మీరు చేసింది టెస్టింగ్ ఒక్కటే అయితే అదే చెప్పండి, ఏ తప్పులు పట్టుకున్నారో వివరించండి. జవాబు చెప్పలేని లైను ఏదైనా ఉంటే, అప్లికేషన్ ఇంకా పంపకపోతే, దాన్ని తీసేయండి.

సమస్య: బాగా తెలుసనుకున్న విషయం దగ్గరే దొరికిపోతారు

"హైదరాబాదా మీది? ఊరి గురించి చెప్పండి" అంటారు. చార్మినార్, బిర్యానీ, ఐటీ... అక్కడితో సరుకు అయిపోతుంది. "గండిపేట చెరువు ఎందుకు కట్టారు?" అని అడిగితే మౌనం. రోజూ చూసేదాన్ని ఎవరూ చదవరు కదా, అదీ కారణం.

మీ ఊరికి, మీ సబ్జెక్టుకు ముడిపడే ఒక్క విషయం లోతుగా చదవండి. గండిపేటే తీసుకోండి. 1908 సెప్టెంబరులో మూసీ వరద నగరాన్ని ముంచేసింది. మళ్లీ అలా జరగకుండా ఏం చేయాలో చెప్పమని నిజాం ప్రభుత్వం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. ఎగువన జలాశయాలు కట్టాలన్నారాయన. అలా 1920లో ఉస్మాన్ సాగర్, అంటే మన గండిపేట, 1927లో హిమాయత్ సాగర్ వచ్చాయి. వరద ఆపడానికి కట్టినవే నగరానికి తాగునీరూ ఇచ్చాయి. సివిల్ చదివినవాళ్లు ఇక్కణ్నుంచి వరద నియంత్రణలోకి, ఎకనామిక్స్ వాళ్లు ఇప్పుడు కృష్ణా, గోదావరి నీళ్లను అంత దూరం నుంచి తేవడానికయ్యే ఖర్చులోకి వెళ్లొచ్చు. ప్యానెల్ తర్వాతి ప్రశ్న చాలావరకు మీరు చెప్పినదాంట్లోంచే తీస్తుంది. కాబట్టి మీకు బలం ఉన్న వైపే మాట నడపండి.

సమస్య: విషయం తెలుసు, ఇంగ్లిష్ రాదు

నిజానికి ఇంగ్లిష్ వస్తుంది. తెలుగులో పొడుగాటి వాక్యం అల్లుకుని దాన్ని మార్చబోయి మధ్యలో చిక్కుకుంటారు. చిన్న వాక్యాలు చాలు. రోజూ ఒక టాపిక్ మీద రెండు నిమిషాలు మాట్లాడి ఫోన్‌లో రికార్డ్ చేసి వినండి. ప్రశ్న అర్థం కాకపోతే మళ్లీ అడగమనండి, ఎవరూ ఏమీ అనుకోరు. యాస గురించి టెన్షన్ అనవసరం.

సమస్య: తెలియనిదానికి ఏదో ఒకటి చెప్పడం

ఖాళీ వదిలితే సున్నా అని పరీక్షల్లో నేర్చుకున్న భయం ఇది. "తెలియదు సర్" అని ఆపేయండి. ఊహించగలిగితే, ఊహిస్తున్నానని చెప్పి మొదలుపెట్టండి. పీహెచ్‌డీకి వెళ్లేవాళ్లు మరీ జాగ్రత్త: యూజీసీ 2022 నిబంధనల ప్రకారం, యూనివర్సిటీ సొంత ఎంట్రన్స్ పెట్టేచోట రాతపరీక్షకు 70, ఇంటర్వ్యూకు 30 శాతం వెయిటేజీ. మీ రీసెర్చ్ ప్రపోజల్‌పై ఒక్క దొంగ జవాబు దొరికినా మిగతావన్నీ అనుమానంగానే వింటారు.

సమస్య: బ్యాక్‌లాగ్, గ్యాప్ ఇయర్ గురించి అడిగితే ముఖం మాడిపోవడం

రెండు వాక్యాల్లో నిజం చెప్పి, తర్వాత ఏం చేశారో చెప్పండి. లెక్చరర్‌ను తిట్టొద్దు.

సమస్య: చెమటలు కక్కుతూ, ఆలస్యంగా చేరడం

గచ్చిబౌలి వైపు అయితే బయోడైవర్సిటీ జంక్షన్ ట్రాఫిక్‌ను నమ్ముకోకండి. రాయదుర్గం దాకా మెట్రోలో వెళ్లి అక్కడ ఆటో ఎక్కండి. ఎస్సెస్సీ మెమో నుంచి ఒరిజినల్స్ అన్నీ ముందురోజే ఫైల్లో పెట్టండి. ఆన్‌లైన్ అయితే కరెంటు పోయినా ఆగకుండా ల్యాప్‌టాప్ ఛార్జింగ్, ఫోన్ హాట్‌స్పాట్ సిద్ధంగా ఉంచుకోండి.

సమస్య: "ఇంటర్వ్యూ మేం మేనేజ్ చేస్తాం, అడ్వాన్స్ పంపండి" అని ఫోన్

షార్ట్‌లిస్టులో పేరున్నవాళ్ల నంబర్లు ఎలాగో బయటికి పోతాయి. ఇంట్లో నాన్నగారు ఆశపడకముందే ఇది మోసమని చెప్పండి. కాల్ రికార్డు, నంబరు ఉంచుకుని అడ్మిషన్ల ఆఫీసుకు మెయిల్ చేయండి. డబ్బు ఇప్పటికే పంపేసి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ క్రైమ్ హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.