జీవిత చిత్రణ నేర్చుకుందాం – 3: మొదటి వాక్యం ఎక్కడ నుంచి?

పోయిన పాఠంలో ఆల్‌ఫ్రెడ్ వెబ్ జీవితానికి తేదీల పట్టిక వేసుకున్నాం. దాన్ని పక్కన పెట్టుకోండి, ఇవాళ మొదటి పేరా రాద్దాం.

చాలామంది ఇలా మొదలుపెడతారు: "ఆల్‌ఫ్రెడ్ వెబ్ 1834లో డబ్లిన్‌లో క్వేకర్ అనే క్రైస్తవ శాఖకు చెందిన ఒక కుటుంబంలో జన్మించాడు." తప్పేం లేదు. కానీ గాంధీగారి గురించి రాస్తూ పోర్‌బందర్‌తో మొదలుపెడితే చదువుతారు, పేరు ముందే తెలుసు గనక. వెబ్‌కి ఆ వెసులుబాటు లేదు. 1890 నుంచి 1895 దాకా వెస్ట్ వాటర్‌ఫర్డ్ తరఫున బ్రిటిష్ పార్లమెంటులో కూర్చున్న ఐరిష్ సభ్యుల్లో ఒకడు, అంతే. ముక్కూ మొహం తెలియనివాడి పుట్టినరోజుతో ఎవరికి పని?

పట్టికలో మన పాఠకుడికి దగ్గరగా ఉన్న గడి వెతకండి. 1894 డిసెంబరు, మద్రాసు. కోస్తా, రాయలసీమ జిల్లాలకు అప్పటి రాజధాని అదే. ఇక్కణ్ణుంచి రాసి చూద్దాం:

"1894లో మద్రాసులో జరిగిన పదో కాంగ్రెస్ మహాసభకు అధ్యక్షుడు డబ్లిన్‌లో అచ్చాపీసు నడిపిన అరవయ్యేళ్ల ఐరిష్ పెద్దమనిషి."

ఆయనకి ఇక్కడేం పని అని పాఠకుడు అడుగుతాడు. అడిగాక వెనక్కి వెళ్లండి, ఇప్పుడు వింటాడు. తండ్రి రిచర్డ్ వెబ్ బానిసత్వానికి బద్ధ వ్యతిరేకి. అమెరికాలో బానిసగా పుట్టి తప్పించుకున్న ఫ్రెడరిక్ డగ్లస్ ఆత్మకథ డబ్లిన్ ముద్రణ 1845లో వాళ్ల అచ్చాపీసులోనే అయింది. అప్పటికి ఆల్‌ఫ్రెడ్‌కి పదకొండేళ్లు.

ఇక్కడే చెయ్యి జారుతుంది. "అది చదివి ఆ పసి గుండె కరిగిపోయింది" అని రాయబుద్ధేస్తుంది. మీరు చూశారా? అచ్చయిన పుస్తకం, పిల్లవాడి వయసు, ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి ఊరుకోండి. మిగతాది పాఠకుడే కలుపుకుంటాడు. ఈ పని కష్టమేమిటో వెబ్‌కీ తెలుసు లెండి: ఐరిష్ ప్రముఖుల జీవిత సంగ్రహాలు కూర్చి 1878లో లావుపాటి పుస్తకం తెచ్చాడు.

అభ్యాసం: 1890లో ఐరిష్ పార్టీ నాయకుడు పార్నెల్ పేరు ఒక విడాకుల కేసులోకి రావడంతో ఆ పార్టీ చీలింది. వెబ్ పార్నెల్‌కి ఎదురు నిలిచాడు. ఈ గడితో మరో మొదటి పేరా రాయండి. నాలుగు వాక్యాలు చాలు. పుట్టిన సంవత్సరం నాలుగో వాక్యానికి ముందు కనిపించకూడదు. రాశాక ఇంట్లో ఎవరికైనా పైకి చదివి వినిపించి, వాళ్లు మొదట ఏ ప్రశ్న వేశారో కింద రాసుకోండి. నాలుగో పాఠం ఆ ప్రశ్నతోనే మొదలవుతుంది.