కారు మీటర్ గ్లాసు గీతలు పడకుండా తుడవడం ఎలా?

కొత్త కారు మీటర్ మీద ఆరు నెలలకే సాలెగూడులా సన్నని గీతలు కనిపిస్తున్నాయంటే, దాన్ని ఎవరో రోజూ శ్రద్ధగా తుడుస్తున్నారన్నమాట. పొడి బట్టతోనో, కర్చీఫ్‌తోనో, సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు చొక్కా కొసతోనో. స్పీడోమీటర్ ముందుండే ఆ పారదర్శకమైన పలక అక్రిలిక్ లేదా పాలికార్బొనేట్ ప్లాస్టిక్. గట్టిదనాన్ని కొలిచే మోస్ స్కేలు మీద మామూలు గాజు 5.5 దగ్గర ఉంటే, అక్రిలిక్ 3 దగ్గరే ఆగిపోతుంది. రోడ్డు దుమ్ములో ఉండే ఇసుక రేణువుది 7. ఎంత ఖరీదైన బట్ట కొన్నా, దాని కింద ఒక్క ఇసుక రేణువు ఇరుక్కుంటే గీత పడక మానదు.

కావలసినవి: 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు గ్రాముల్లో బట్ట బరువు) దగ్గర్లో ఉండే రెండు మైక్రోఫైబర్ బట్టలు (అంచున గట్టి కుట్టు లేనివి, లేబుల్ కత్తిరించినవి), మేకప్‌కి వాడే మెత్తటి వెడల్పు బ్రష్, కెమెరా లెన్సులకు గాలి కొట్టే రబ్బరు బ్లోయర్, చిన్న స్ప్రే సీసా. బ్రష్‌కి లోహపు పట్టీ ఉంటే దాని చుట్టూ టేపు వేయండి. అర లీటరు డిస్టిల్డ్ వాటర్‌లో రెండు చుక్కల బేబీ షాంపూ కలిపితే చాలు, నురగ రావాల్సిన పని లేదు. డిస్టిల్డ్ వాటర్ బ్యాటరీ షాపుల్లో దొరుకుతుంది. అక్కడే యాసిడ్ డబ్బాలూ ఉంటాయి, లేబుల్ చదివి తీసుకోండి. బోరు నీళ్లు వద్దే వద్దు. ఆరాక తెల్లటి ఉప్పు మచ్చలు కడతాయి, వాటిని గోకబోయి ఇంకో నాలుగు గీతలు పెడతారు.

కారు నీడలో ఉండాలి, లోపలంతా చల్లబడి ఉండాలి. వేడి ప్లాస్టిక్ మీద తడి వెంటనే ఆరిపోయి చారలు మిగులుతాయి. ఏసీ ఫ్యాన్ ఆపేయండి. డాష్‌బోర్డు, స్టీరింగ్ తుడిచాకే మీటర్ జోలికి రండి. ముందు మీటర్ తుడిచి తర్వాత డాష్‌బోర్డు దులిపితే ఆ దుమ్మంతా మళ్లీ దాని మీదే కూర్చుంటుంది.

ఇక అసలు పని. దుమ్మును తుడవకూడదు, ముందు లేపాలి. బ్లోయర్‌ను ఏటవాలుగా పట్టి పై అంచు నుంచి కిందికి గాలి కొట్టండి. నోటితో ఊదకండి, ఉమ్మి తుంపర్లు పడతాయి. పంక్చర్ షాపు కంప్రెసర్ గాలి కూడా వద్దు. ఒత్తిడి ఎక్కువ, పైగా గాలితో పాటు నూనె, తేమ వస్తాయి. తర్వాత బ్రష్. కుచ్చు కొసలు మాత్రమే తగలాలి, వంగకూడదు. వంగిందంటే మీరు నొక్కుతున్నట్టే. ఒకే దిశలో, మూలల్లోంచి బయటికి లాగుతూ, రెండుసార్లు లాగాక ఒకసారి బ్రష్‌ను బయట దులపండి. వాక్యూమ్ క్లీనర్ ఉంటే దాని మూతిని ఐదు సెంటీమీటర్ల దూరంలో పట్టుకోండి, ప్లాస్టిక్‌కు ఆనించకండి.

ఇప్పుడు ఫోన్ టార్చ్ వేసి పక్క నుంచి చూడండి. రేణువులు మెరుస్తున్నాయా? మళ్లీ బ్రష్ తీసుకోండి. ఈ పరీక్షను చాలామంది వదిలేస్తారు. గీతలు పడేది ఇక్కడే.

తర్వాత తడి. ద్రవాన్ని మీటర్ మీద నేరుగా కొట్టకండి, అంచుల సందుల్లోంచి, రీసెట్ బటన్ పక్క నుంచి లోపలికి దిగుతుంది. బట్ట మీద రెండు సార్లు కొట్టండి. చేతికి తడి తెలియాలి, పిండితే నీళ్లు రాకూడదు. ఆ బట్టను మీటర్ మీద పరిచి అర నిమిషం వదిలేయండి. రుద్దొద్దు. నాని మెత్తబడిన మురికితో సహా నిటారుగా పైకి ఎత్తేయండి. మొండి మరక ఉంటే ఇంకోసారి పరవండి, బలం మాత్రం పెంచకండి.

ఆఖర్న తుడుపు. బట్టను నాలుగు మడతలు పెట్టి, లాగిన ప్రతిసారీ ఒక్కో కొత్త ముఖం వాడండి. ఎడమ నుంచి కుడికి, తిన్నగా, బట్ట బరువు తప్ప చేతి బరువు పడకుండా. గుండ్రంగా తిప్పేవాళ్లను చూస్తే ఒళ్లు మండుతుంది. తిన్నటి గీత ఏదో ఒక కోణంలోనే కనిపిస్తుంది, గుండ్రటిది ఎటు నుంచి ఎండ పడ్డా మెరుస్తుంది. గరగరమని శబ్దం వస్తే చెయ్యి అక్కడే ఆపి, బట్ట తీసేసి, మళ్లీ బ్రష్ దగ్గరికి రండి. మ్యాట్ మీద పడిన బట్ట ఆ క్షణం నుంచి టైర్ల బట్టే.

మిగిలిన తడిని రెండో బట్టతో అద్ది వదిలేయండి. మెరుపు కోసం పొడిబట్టతో రుద్దితే స్టాటిక్ (స్థిర విద్యుత్) పుట్టి దుమ్మును మళ్లీ లాక్కుంటుంది.

కొన్ని అలవాట్లు మానుకోవాలి. అమ్మోనియా, ఆల్కహాల్ ఉన్న గ్లాస్ క్లీనర్లు, శానిటైజర్లు అక్రిలిక్‌లో సన్నటి పగుళ్లు తెస్తాయి. అవి పాలిష్‌తో పోవు. టిష్యూలో, న్యూస్ పేపర్‌లో ఉండేది చెక్క పీచు. కిటికీ గాజు దాన్ని తట్టుకుంటుంది, ఈ ప్లాస్టిక్ తట్టుకోదు. సిలికాన్ డాష్ పాలిష్ జిడ్డు పొర వేసి దుమ్మును అంటిపెట్టుకుంటుంది. దసరా వాహన పూజలో పసుపు, కుంకుమ బొట్లు బానెట్ మీద పెట్టించండి, మీటర్ మీద వద్దు. అగరుబత్తి బూడిద రాలితే బ్లోయర్‌తోనే తీయాలి, వేలితో కాదు.

ఉన్న గీతల సంగతి: గోరుకు తగిలేంత లోతుంటే పాలిష్‌తో పోదు. పైపై గీతలకు ప్లాస్టిక్ పాలిష్ పనికొస్తుంది, అదీ నిగనిగలాడే పలక మీదే. వెలుతురు కొట్టకుండా మసక పూత వేసిన మీటర్ మీద వాడితే రుద్దిన మేర మెరిసే మచ్చ మిగిలిపోతుంది. టూత్‌పేస్ట్ చిట్కా నమ్మకండి, దానిలో ఎంత గరుకు పొడి ఉందో ట్యూబు చూసి చెప్పలేం.

బట్టల్ని నూలు దుస్తులతో కలపకుండా, గోరువెచ్చని నీళ్లలో, కొద్దిగా లిక్విడ్ సబ్బుతో విడిగా ఉతకండి. ఫ్యాబ్రిక్ కండిషనర్ వేస్తే పీచుకు పొర పట్టి తడి పీల్చదు. ఆరేయడం ఇంట్లోనే, ఆరాక జిప్ కవర్లో.