ఎమ్5 తరాలని పక్కపక్కన పెట్టి పోల్చడం ఎలా

బీఎండబ్ల్యూ వాళ్ళ వేగవంతమైన సెలూన్ కారు ఎమ్5 అంటే పిచ్చి ఉన్నవాళ్ళు ముగ్గురు ఒకచోట చేరితే ఈ39 గొప్పదా ఈ60 గొప్పదా (ఇవి ఒక్కో తరానికి కంపెనీ పెట్టుకున్న కోడ్ పేర్లు) అనే గొడవ రాకుండా ఉండదు. నేను మ్యూనిక్‌లో ఉన్నన్నాళ్ళూ ఈ గొడవ ఎన్నిసార్లు విన్నానో లెక్కే లేదు, కానీ చాలామంది పోల్చే పద్ధతిలోనే తేడా ఉంది, ఒకరు అమెరికా నంబర్లు తెస్తారు, ఇంకొకరు జర్మనీ నంబర్లు తెస్తారు, మరొకరు చల్లటి ఇంజన్ మీద ఐదు నిమిషాలు తిప్పి ఇది బాలేదు అని తేల్చేస్తారు. ఏడు తరాలు, దాదాపు 40 ఏళ్ళు, ఆరు సిలిండర్ల నుంచి పది సిలిండర్ల దాకా వెళ్ళి మళ్ళీ ఎనిమిదికి వచ్చిన కారు ఇది, కాస్త ఓపిగ్గా ఒక వరసలో చూస్తేనే దేంట్లో ఏముందో తెలుస్తుంది. నేను చూసే పద్ధతి రాస్తున్నా, కొనాలనుకునేవాళ్ళకీ పనికొస్తుంది, ఊరికే ఇష్టం కొద్దీ తెలుసుకోవాలనుకునేవాళ్ళకీ పనికొస్తుంది.

ముందు వరస బుర్రలో పెట్టుకోండి. మొదటిది ఈ28, 1985 ఫిబ్రవరిలో ఆమ్‌స్టర్‌డామ్ మోటార్ షోలో చూపించారు, ఎమ్1 సూపర్‌కారు ఇంజన్ నుంచి వచ్చిన 3.5 లీటర్ల స్ట్రెయిట్ సిక్స్ (ఒకే వరసలో ఆరు సిలిండర్లు), 286 పీఎస్ (పీఎస్ అంటే ఇంజన్ పవర్‌కి యూరప్ కొలత). 1988లో ఈ34 వచ్చింది, అదే ఇంజన్ కుటుంబం, మొదట 3.6 లీటర్లకి 315 పీఎస్, తర్వాత 3.8 లీటర్లకి 340. ఈ34 అంటే చేత్తో కట్టిన చివరి ఎమ్5, గార్చింగ్‌లో కట్టారు. టీయూ మ్యూనిక్ యూనివర్సిటీలో చదివే మన తెలుగు పిల్లలు రోజూ యూ6 ట్రైనెక్కి గార్చింగ్ క్యాంపస్‌కి పోతుంటారు కదా, ఆ చివరి స్టాపుకి రెండు స్టాపుల ముందు హోఖ్‌బ్రూక్ వస్తుంది, ఈ కార్లు తయారుచేసే బీఎండబ్ల్యూ ఎమ్ డివిజన్ ఉన్నది అక్కడే, ఈసారి వెళ్ళేటప్పుడు ఒకసారి దిగి చూడండి. 1998లో ఈ39, 4.9 లీటర్ల వీ8 (వీ ఆకారంలో ఎనిమిది సిలిండర్లు), 400 పీఎస్, ఆరు గేర్ల మాన్యువల్ తప్ప ఇంకోటి లేదు. 2005లో ఈ60, 5 లీటర్ల వీ10, 507 పీఎస్. 2011లో ఎఫ్10, ట్విన్ టర్బో వీ8, 560. 2017లో ఎఫ్90, మొదటిసారి నాలుగు చక్రాలకీ పవర్, 600. 2024లో జీ90, హైబ్రిడ్ అంటే పెట్రోల్ ఇంజన్‌తో పాటు కరెంటు మోటార్ కూడా, రెండూ కలిపి మొత్తం 727.

ఇప్పుడు మొదటి పని, అన్ని నంబర్లనీ ఒకే కొలతలోకి తెచ్చుకోండి. పీఎస్ వేరు, అమెరికావాళ్ళు రాసే హార్స్‌పవర్ వేరు. ఈ39కి 400 పీఎస్ అంటే అమెరికాలో 394, ఈ60కి 507 పీఎస్ అంటే అక్కడ సరిగ్గా 500, జీ90 అక్కడ 717. డల్లస్ నుంచి ఒకడు 500 అంటాడు, ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి ఇంకోడు 507 అంటాడు, ఇద్దరూ కరెక్టే, గంటసేపు కొట్టుకుంటారు. ఈ28 దగ్గర మాత్రం తేడా నిజంగానే ఉంది, యూరప్ బండి 286 పీఎస్ అయితే అమెరికాకి పంపినది పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌తో 256 హార్స్‌పవరే, అక్కడ నడిపినవాళ్ళ మాట యూరప్ బండికి అతికించకండి. అలాగే సున్నా నుంచి 100 కిలోమీటర్ల స్పీడుకి చేరే టైము వేరు, సున్నా నుంచి 60 మైళ్ళ స్పీడుకి చేరే టైము వేరు, 60 మైళ్ళంటే 97 కిలోమీటర్ల లోపే, పైగా అమెరికా మ్యాగజైన్ల టెస్టుల్లో బండి మొదటి అడుగు కదిలాకే టైము మొదలుపెట్టే అలవాటు ఉంది.

బరువు దగ్గర ఇంకా జాగ్రత్త. జర్మనీలో రెండు లెక్కలు రాస్తారు, డిన్ లెక్క ఖాళీ బండిది, ఈయూ లెక్కలో డ్రైవరు, కాస్త సామాను కలిపి 75 కేజీలు ఎక్కువ పడుతుంది. ఒక బండికి డిన్, ఇంకో బండికి ఈయూ తీసుకుంటే పోలికే పోయింది. ఈయూ లెక్కలో ఈ39 1795 కేజీలు, ఈ60 1830, ఎఫ్10 1945, ఎఫ్90 1930, జీ90 ఏకంగా 2510. ఇప్పుడు పవర్‌ని బరువుతో భాగించి చూడండి, టన్నుకి ఈ39 దగ్గర 223 పీఎస్, ఈ60 దగ్గర 277, ఎఫ్10 దగ్గర 288, ఎఫ్90 దగ్గర 311, జీ90 దగ్గర 290. అంటే కొత్త బండికి 127 పీఎస్ ఎక్కువున్నా టన్నుకి చూస్తే ఎఫ్90 కంటే తక్కువే, అందుకే కంపెనీ చెప్పే 0 నుంచి 100 టైము ఎఫ్90కి 3.4 సెకన్లు, జీ90కి 3.5. ఈ ఒక్క భాగహారం చేస్తే సగం గొడవలు అక్కడే ఆగిపోతాయి.

ఇక అసలైన విషయం, నాకు బాగా ఇష్టమైన విషయం, ఇంజన్ ఊపు ఎక్కడుంది అన్నది. పవర్ నంబరు కాదు, టార్క్ (ఇంజన్ తిప్పే బలం) ఎన్ని ఆర్‌పీఎమ్ (నిమిషానికి ఇంజన్ తిరిగే చుట్లు) దగ్గర వస్తుందో చూడండి. ఈ39 500 న్యూటన్ మీటర్లు 3800 దగ్గర ఇస్తుంది. ఈ60 520 ఇస్తుంది, అంటే పెద్ద తేడా లేదు, కానీ 6100 దగ్గర. ఎఫ్10 680 ఇస్తుంది, అదీ 1500 నుంచే. ఈ మూడు బండ్లనీ ఊళ్ళో 2500 ఆర్‌పీఎమ్ దగ్గర నడిపి పోలిస్తే ఎఫ్10 రాజు, ఈ39 పెద్దమనిషి, ఈ60 బద్ధకస్తుడు అనిపిస్తుంది, అదే ఈ60ని 8000 దాకా లాగితే మిగతా రెండూ మర్చిపోతారు. ఏ తరాన్నైనా దాని ఊపు ఉన్నచోట నడిపి చూశాకే మాట్లాడాలి, నేను ఇన్నేళ్ళలో నేర్చుకున్నది ఇదే.

గార్చింగ్‌లో మాస్టర్స్ చేసి ఉద్యోగంలో చేరిన మా గుంటూరు కుర్రాడొకడు ఈ60 కొన్నాడు, నల్లది, 2006 మోడల్. కొన్న వారానికే నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఏ95 హైవే మీద గార్మిష్ వైపు తీసుకెళ్ళాడు, స్టార్న్‌బెర్గ్ దాటాక గట్టిగా తొక్కాడు, బండి పోతుంది కానీ వాడి మొహంలో సంతోషం లేదు. “అన్నా, బానే ఉంది గానీ 507 అనిపించట్లేదు, మోసపోయానంటావా?” అన్నాడు. గేర్ లీవర్ పక్కన చూశా, పవర్ అని చిన్న బటన్. ఈ60 ఎప్పుడు స్టార్ట్ చేసినా పీ400 మోడ్‌లోనే మేలుకుంటుంది, అంటే 400 పీఎస్ వరకే ఇస్తుంది, మిగతా 107 కావాలంటే ఆ బటన్ నొక్కాలి. “అది నొక్కరా నాన్నా” అన్నా. నొక్కాడు, మూడో గేర్‌లో 5000 దాటాక ఆ వీ10 గొంతు మారింది, ఒక్కసారిగా సన్నగా పైకి లేచి ఈల వేసినట్టు, 7000 దాటినా ఆగట్లేదు, 8250 దాకా పోతుంది అది, మా వాడు మాట్లాడటం మానేశాడు, తర్వాత పెట్రోల్ బంకులో ఆగినప్పుడు చూస్తే చేతులు వణుకుతున్నాయి. అందుకే ఏ తరం బండి ఎక్కినా ముందు బటన్లు, మోడ్‌లు తెలుసుకోండి. ఈ39లో స్పోర్ట్ బటన్ ఉంటుంది, నొక్కితే యాక్సిలరేటర్ చురుగ్గా అవుతుంది, స్టీరింగ్ బరువెక్కుతుంది. ఎఫ్90లో మామూలు ఫోర్ వీల్, స్పోర్ట్ ఫోర్ వీల్, పూర్తిగా వెనక చక్రాల మోడ్ మూడూ ఉంటాయి, వెనక చక్రాల మోడ్ స్టెబిలిటీ కంట్రోల్ (బండి జారకుండా చూసేది) ఆపితేనే వస్తుంది, దాన్ని మామూలు రోడ్డు మీద పెట్టొద్దు, ట్రాక్ మీదే. జీ90 అయితే బ్యాటరీ నిండా ఉంటే టెస్ట్ డ్రైవ్ మొత్తం కరెంటు మీదే నడిచిపోవచ్చు, ఇంజన్ స్టార్ట్ కూడా కాదు, మోడ్ మార్చి ఇంజన్‌ని పనిలోకి దింపాకే వీ8 గురించి మాట్లాడండి.

చల్లటి ఇంజన్‌ని తొక్కకండి, ఇది పోలిక కోసమే కాదు, బండి యజమాని మీద గౌరవం కూడా. ఈ39లో ఆర్‌పీఎమ్ మీటర్ అంచున ఆరెంజ్ లైట్ల వరస ఉంటుంది, చల్లగా ఉన్నప్పుడు అవి కిందదాకా వెలిగి ఉంటాయి, ఆయిల్ వేడెక్కే కొద్దీ ఒక్కోటి ఆరిపోతూ పైకి జరుగుతుంది. నాకు తెలిసిన ఒక జర్మన్ పెద్దాయన, ఆయనే మొదటి ఓనర్, చివరి లైటు ఆరేదాకా పక్కవాళ్ళతో మాట్లాడతాడే గానీ కాలు నొక్కడు. లైట్లు ఆరాక మూడో గేర్ వేసి ఒకసారి లాగి, “ఇప్పుడు చెప్పు” అన్నాడు. ఆ బండిలో 20 నిమిషాల తర్వాత ఉండే గేర్‌బాక్స్ నునుపు మొదటి ఐదు నిమిషాల్లో అసలు కనపడదు.

టైర్లు కూడా చూసుకోండి. ఒక బండికి కొత్త మిషెలిన్లు, ఇంకోదానికి ఎనిమిదేళ్ళ గట్టిపడిన రబ్బరు ఉంటే మీరు పోల్చేది కార్లని కాదు, టైర్లని. టైరు పక్కన నాలుగంకెల తేదీ ఉంటుంది, మొదటి రెండు వారం, చివరి రెండు సంవత్సరం. గాలి కూడా చెక్ చేసుకుని ఒకే రోడ్డు మీద, ఒకే రోజు, కుదిరితే వెంటవెంటనే నడపండి, పాతదాని నుంచి మొదలుపెట్టి కొత్తదాని వైపు రండి. కొత్తది ముందు నడిపితే ఈ28 చాలా నెమ్మది అనిపిస్తుంది, కానీ 1985లో ఆ సైజు సెలూన్‌లో నలుగురు కూర్చుని అలా పోవడం అంటే ఏంటో ఆ వరసలో వస్తేనే అర్థమవుతుంది.

స్టీరింగ్‌కి ప్రత్యేకంగా పది నిమిషాలు కేటాయించండి. ఈ39లో వీ8 పట్టడానికి చోటు లేక పాత రకం రీసర్క్యులేటింగ్ బాల్ స్టీరింగ్ పెట్టారు, నడిమధ్యలో కాస్త వదులుగా ఉంటుంది, ఇది లోపం కాదు, బండి అలాంటిదే, అరిగిపోయిందని కంగారు పడకండి. ఎఫ్10 దాకా హైడ్రాలిక్ పవర్ స్టీరింగ్, ఎఫ్90 నుంచి ఎలక్ట్రిక్. ఒకే మలుపు మూడుసార్లు తిప్పి చూస్తే చేతికి రోడ్డు ఎంత తెలుస్తుందో తేడా దొరుకుతుంది. శబ్దం విషయంలో కిటికీలు దించి వినండి, ఎందుకంటే ఎఫ్10లో లోపల వినపడే ఇంజన్ మోతలో కొంత స్పీకర్ల నుంచి వస్తుంది. గేర్‌బాక్స్‌లో ఈ60 ఎస్‌ఎమ్‌జీని (క్లచ్ పెడల్ లేకుండా పంపుతో క్లచ్ నొక్కే గేర్‌బాక్స్) ఆటోమేటిక్‌లా నడిపితే ప్రతి గేరుకీ తల ఊగుతుంది, చేత్తో మారుస్తూ, మార్చేటప్పుడు కాలు కాస్త లేపితే చక్కగా పోతుంది. అమెరికాలో ఈ60కి, ఎఫ్10కి కూడా మాన్యువల్ ఇచ్చారు, అక్కడున్నవాళ్ళ అదృష్టం.

కొనడానికి పోలుస్తుంటే ఖర్చుని కూడా ఒక తరం లక్షణంగా చూడండి, నేనైతే సగం మార్కులు దీనికే వేస్తా. టెక్సస్‌లో మా బావ మాన్యువల్ ఈ60 కొన్నాడు, అమ్మినవాడు సర్వీస్ హిస్టరీ మొత్తం ఉందన్నాడు, కాగితాలు చూస్తే ఆయిల్ మార్చిన రసీదులు రెండే ఉన్నాయి. నాలుగు నెలలకి కింద నుంచి టక టక, రాడ్ బేరింగులు (ఇంజన్ లోపల పిస్టన్ రాడ్ల అడుగున ఉండేవి) పోయాయి, ఇంజన్ దించాల్సొచ్చింది, కారు ధరలో పెద్ద ముక్క దానికే పోయింది. ఈ60 చూస్తుంటే ఈ మూడూ అడగండి, రాడ్ బేరింగులు ఎప్పుడు మార్చారు, థ్రాటిల్ యాక్చుయేటర్లు (ఇంజన్‌కి గాలి దారి తెరిచే మోటార్లు) మార్చారా, ఎస్‌ఎమ్‌జీ పంపు పరిస్థితి ఏంటి. వీలైతే ఆయిల్ శాంపిల్ ల్యాబ్‌కి పంపండి, సీసం, రాగి ఎక్కువ కనపడితే బేరింగులు అరుగుతున్నాయని అర్థం, ఇంజన్ విప్పే ఖర్చు ముందు ఈ టెస్టు ఖర్చు చాలా చిన్నది. ఈ39 దగ్గర టైమింగ్ చైన్ గైడ్‌లు, వానోస్ (వాల్వులు తెరిచే టైమింగ్ మార్చేది), క్లచ్ చూడాలి, చల్లగా స్టార్ట్ చేసినప్పుడు ముందు నుంచి గరగర శబ్దం పోకుండా ఉంటే అనుమానించండి. పెట్రోల్ కూడా ఖర్చే, ఈ60 ట్యాంకు 70 లీటర్లు, కాగితం మీద 100 కిలోమీటర్లకి 14.8 లీటర్లు, అంటే ట్యాంకుకి 470 చిల్లర, హుషారుగా తొక్కితే అంత కూడా రాదు.

హైదరాబాద్‌లో ఉన్నవాళ్ళకి పోలిక వేరేలా ఉంటుంది. ఇక్కడ మామూలుగా ఎదురుపడేది ఎఫ్10, ఎఫ్90, జీ90 మాత్రమే, పాతవాటి మీద ప్రేమ ఉంటే బయటికెళ్ళినప్పుడు నడపాలి. ఓఆర్‌ఆర్ మీద లిమిట్ 120, కాబట్టి గంటకి 305 కిలోమీటర్లు పోతుందా లేదా అనేది పక్కన పెట్టి 40 నుంచి 120 దాకా పికప్ ఎలా ఉంది, ఎండాకాలం ట్రాఫిక్‌లో అరగంట నిలబడ్డాక టెంపరేచర్ ఎంత చూపిస్తుంది, కాలనీ స్పీడ్ బ్రేకర్ మీద కింద తగులుతుందా అని చూడండి. జీ90 అయితే ఇంట్లో చార్జింగ్ పాయింట్ ఉందా అన్నది మొదటి ప్రశ్న, చార్జ్ చేయకుండా వాడితే ఆ బ్యాటరీ బరువు ఊరికే మోస్తున్నట్టే.

చివరిగా ఒక నోట్‌బుక్ పెట్టుకోండి, ప్రతి బండీ దిగిన వెంటనే, ఇంకోటి ఎక్కకముందే, మూడు లైన్లు రాయండి: ఏ ఆర్‌పీఎమ్ దగ్గర ఒళ్ళు జలదరించింది, ఏ మలుపులో భయమేసింది, ఇంటికి వెళ్ళేటప్పుడు దూరపు దారిలో వెళ్దామనిపించిందా. నా నోట్‌బుక్‌లో ఆ మూడో లైన్ దగ్గర అవును అని రెండే రెండుసార్లు ఉంది, ఒకటి ఆ పెద్దాయన ఈ39, రెండోది మా గుంటూరు కుర్రాడి ఈ60, బటన్ నొక్కాక.