విండోస్ నుంచి లినక్స్‌కు మారేవారు ఆఫీస్ సాఫ్ట్‌వేర్‌ను ఎంచుకోవడం ఎలా?

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగియడంతో, విండోస్ 11కు సరిపోని పాత కంప్యూటర్లను పారేయలేక లినక్స్ రకాలైన ఉబుంటుకో, లినక్స్ మింట్‌కో మారాలనుకునేవారికి వర్డ్, ఎక్సెల్ స్థానంలో ఏం వాడాలన్న ప్రశ్న ముందుగా ఎదురవుతుంది. దీన్ని సాఫ్ట్‌వేర్ల గుణగణాల పట్టిక చూసి కాక, మీ దగ్గరున్న ఫైళ్లను చూసి తేల్చుకోవాలి.

ఉచితంగా దొరికే ఆఫీస్ సాఫ్ట్‌వేర్ లిబ్రే ఆఫీస్ విండోస్‌లోనూ నడుస్తుంది కాబట్టి, మారకముందే దాన్ని పాత కంప్యూటర్‌లో వేసుకుని జీతాల షీటు, లెటర్‌హెడ్ వంటి చిక్కైన ఫైళ్లను తెరిచి చూడండి. ఫార్ములాలు చాలావరకు పనిచేస్తాయి. పట్టికలో విలువలను వెతికే ఎక్స్‌లుకప్ (XLOOKUP) ఫార్ములా కూడా లిబ్రే ఆఫీస్ 24.8 వెర్షన్ నుంచి ఉంది. ఎక్సెల్‌లో పనులను వాటంతటవే జరిపించే చిన్న ప్రోగ్రాములైన వీబీఏ మాక్రోలలో మాత్రం కొన్ని మొరాయిస్తాయి. మీ పనంతా వాటిమీదే నడుస్తుంటే ఒక విండోస్ కంప్యూటర్‌ను అట్టే పెట్టుకోవడం మేలు, ఎందుకంటే బ్రౌజర్‌లో తెరుచుకునే ఎక్సెల్ కూడా వాటిని నడపదు. పేజీలో వరుసలు జారితే ముందు ఫాంట్లను అనుమానించండి. కాలిబ్రికి బదులు అంతే వెడల్పుండే కార్లిటో, కేంబ్రియాకు బదులు కలాడియా వేసుకుంటే చాలా పత్రాలు సర్దుకుంటాయి. వర్డ్‌లో తయారయ్యే డాక్స్ (.docx) ఫైళ్లను రోజూ బయటివారితో ఇచ్చిపుచ్చుకునేవారు ఓన్లీ ఆఫీస్ అనే మరో ఆఫీస్ సాఫ్ట్‌వేర్‌ను కూడా పరీక్షించవచ్చు.

తెలుగులో పనిచేసేవారికి అసలు తలనొప్పి ‘అను’ (Anu) అనే పేరుగల ఫాంట్లలో టైపు చేసిన పాత ఫైళ్లతోనే. వాటిలో ఉన్నవి యూనికోడ్ (అన్ని కంప్యూటర్లూ ఒకేలా గుర్తించే అక్షర సంకేతాల పద్ధతి) తెలుగు అక్షరాలు కావు. వేరే అక్షరాల సంకేతాలకు తెలుగు రూపం తొడిగినవి. అందుకే ఆ ఫాంటు లేనిచోట అవి అర్థంలేని గుర్తుల్లా కనిపిస్తాయి, తెలుగులో వెతికితే దొరకవు. ఏ ఆఫీస్ సాఫ్ట్‌వేరూ దీన్ని తనంతట తాను సరిచేయదు. కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చి, ముఖ్యంగా ఒత్తులను, అంకెలను పాత ప్రతితో పోల్చి దిద్దుకోవాలి. ఈ పనిని విండోస్ తీసేయకముందే ముగించాలి.

యూనికోడ్ ఫైళ్లకు ఇంత శ్రమ ఉండదు. గౌతమి విండోస్‌తో వచ్చే ఫాంటు కాబట్టి, దాని బదులు ఉచితంగా దొరికే మండలినో, నోటో తెలుగునో పెట్టుకోండి. లిబ్రే ఆఫీస్‌లో తెలుగు ఫాంటు, దాని సైజు ఇంగ్లిష్‌వాటికి భిన్నంగా విడిగా ఉంటాయి. ఆప్షన్స్‌లోని భాషల విభాగంలో కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్ కింద తెలుగును ఎంచుకోకపోతే, సైజు ఎంత మార్చినా తెలుగు అక్షరాలు కదలడం లేదని కొన్నిచోట్ల విసుక్కోవలసి రావచ్చు.

సొంత పత్రాలను లిబ్రే ఆఫీస్ మామూలుగా వాడే ఓడీటీ (.odt) ఫార్మాట్‌లో దాచుకుని, చదవడానికి మాత్రమే పంపేవాటిని పీడీఎఫ్‌గా, అవతలివారు దిద్దవలసినవాటిని డాక్స్‌గా పంపండి.