పెరటి పాలీ టన్నెల్ – మూడో పాఠం: నారుకంటే ముందు నేల

గత రెండు పాఠాల్లో పాలీ టన్నెల్‌కు, అంటే వంపు పైపుల మీద ప్లాస్టిక్ షీటు కప్పిన పందిరికి, పైపులను బిగించుకున్నాం, పైకప్పు షీటు మీది దుమ్మునూ పాచినీ సబ్బునీళ్లతో కడుక్కున్నాం. పైనుంచి వెలుతురు బాగా వస్తోంది. ఇక కింద నేలను చూద్దాం. విత్తనాల పొట్లాలు ఇప్పుడే విప్పకండి. ఏప్రిల్ మధ్య నుంచి మృగశిర కార్తె దాకా ఉన్న సమయమంతా మట్టిదే.

టన్నెల్ కింది నేల వాన ఎరుగని నేల. ఆరుబయట పెరట్లో మిగిలిపోయిన ఎరువుల ఉప్పును ఏటా వానలు లోపలికి కడిగేస్తాయి. పందిరి కింద ఆ కడుగుడు లేదు. డ్రిప్ నీళ్లు వేర్ల చుట్టూ తడిపి ఆగిపోతాయి, తడి ఆవిరై పైకి పోతుంది, ఉప్పు మట్టిలోనే మిగిలిపోతుంది. రెండు మూడు పంటలయ్యేసరికి మడి అంచుల్లో తెల్లటి పొర కనబడుతుంది. అది చౌడు. మొక్క గిడసబారితే బలం చాలలేదనుకుని మళ్లీ ఎరువు వేస్తారు చాలామంది. ఉప్పు మీద ఉప్పు వేసినట్టే.

రెండో శత్రువు మట్టిలో దాక్కుంటుంది. నా పందిరిలో వరుసగా మూడు పంటలు టమాటాయే వేశాను. మూడోసారి మొక్కలు మధ్యాహ్నం తలలు వాల్చి, సాయంత్రానికి తేరుకునేవి. దాహమనుకుని నీళ్లు పెంచాను. పంటంతా పోయాక ఒక మొక్కను తవ్వి తీస్తే వేరు నిండా బుడిపెలు. నులిపురుగులు (నెమటోడ్లు), అంటే వేర్లలో చేరే కంటికి కనబడని సన్నని పురుగులు! వేరు చూడకుండా నీళ్లు పోసిన ఆ నెల రోజులు నాకింకా బాధగానే ఉంటుంది. అందుకే ఈ పాఠంలో మొదటి పని: పాత మొక్కలను మొదలంటా కోయకండి. పారతో మట్టి వదులు చేసి, వేరుతో సహా తీసి, కడిగి చూడండి. చిక్కుడు, బొబ్బర్ల వేర్ల మీద ఉండే బుడిపెలు మేలు చేసేవి, గోటితో గీరితే ఊడివస్తాయి. నులిపురుగు బుడిపె ఊడదు, ఎందుకంటే అది ఉబ్బిపోయిన వేరు భాగమే. అటువంటి వేర్లను కంపోస్టు గుంతలో వేయకండి. ఎండబెట్టి కాల్చేయండి.

ఇప్పుడు నీళ్ల పని. డ్రిప్ పైపులు చుట్టి పక్కన పెట్టి, మడులను గడ్డలు లేకుండా చదును చేయండి. పశువుల ఎరువు, బాగా మాగినదైతే, ఇప్పుడే కలిపేయవచ్చు. తర్వాత చదరపు మీటరుకు సుమారు 150 లీటర్ల నీళ్లు పెట్టాలి. నీరు బాగా ఇంకే నేలలో పైన ఒక అడుగు లోతు మట్టిలోని ఉప్పు దీంతో దాదాపు సగం తగ్గుతుంది. నా మడులు 12 చదరపు మీటర్లు, అంటే 1,800 లీటర్లు. ఒక్కసారిగా పోయను. రోజుకు చదరపు మీటరుకు 50 లీటర్ల చొప్పున మూడు రోజులు పెడతాను, ఇంకడానికి మధ్యలో వ్యవధి దొరుకుతుంది. నల్లరేగడి అయితే ఇంకా నెమ్మదిగా పెట్టాలి. మీ బోరు నీళ్లే ఉప్పగా ఉంటే ఈ పని దండగ. నిల్వ చేసిన వాననీళ్లు వాడండి, లేదా వీలైన ఏడాది పైకప్పు షీటు విప్పి తొలకరి వానలను నేరుగా నేల మీద పడనివ్వండి. నా దృష్టిలో అంతకు మించిన మందు లేదు.

తర్వాతి పని మట్టిని షీటు కింద ఎండ వేడికి మగ్గబెట్టడం (సాయిల్ సోలరైజేషన్). అందుకే ఆ నీళ్లు వృథా కావు. తడిసిన మట్టి వేడిని లోపలికి బాగా తీసుకెళుతుంది, తడిలో ఉన్న శిలీంధ్రాలూ కలుపు గింజలూ త్వరగా చస్తాయి. కాబట్టి చివరి తడి ఇచ్చిన ఒకటి రెండు రోజుల్లోనే, మట్టి చేతికి అంటనంతగా ఆరగానే, పారదర్శకమైన పలుచని పాలిథీన్ షీటు పరవండి. 25 నుంచి 50 మైక్రాన్ల మందం చాలు. నల్ల షీటు వద్దు. అది ఎండను తానే తాగేస్తుంది, పారదర్శకమైనది మట్టికి అందిస్తుంది. షీటు నేలకు అతుక్కుని ఉండాలి, మధ్యలో గాలి ఉబ్బులు ఉంటే వేడి అక్కడే ఆగిపోతుంది. అంచుల చుట్టూ జానెడు లోతు కాలువ తీసి, అంచును అందులో దించి మట్టితో పూడ్చండి. తర్వాత టన్నెల్ తలుపులు మూసేయండి. ఈ పనులన్నీ ఉదయం తొమ్మిదిలోపే ముగించాలి. మే నెలలో మూసిన టన్నెల్‌లో మధ్యాహ్నం పనిచేయడం ప్రాణానికే ప్రమాదం.

ఈ పద్ధతిని 1976లో ఇజ్రాయెల్‌లో యాకోవ్ కటన్ బృందం శాస్త్రీయంగా వివరించింది. మనకు అందుకు కావలసిన ఎండ పుష్కలంగా ఉంది. భరణి కార్తె మొదట్లో, అంటే ఏప్రిల్ ఆఖరులో పరిస్తే, మృగశిర ప్రవేశించే జూన్ 7, 8 నాటికి ఆరు వారాలు నిండుతాయి. రోళ్లు పగిలే రోహిణి ఎండ మొత్తం ఈ లోపలే వస్తుంది. పై రెండు మూడు అంగుళాల మట్టి 45 నుంచి 55 డిగ్రీల దాకా వేడెక్కుతుంది. లోతుకు వెళ్లేకొద్దీ వేడి తగ్గిపోతుంది. నులిపురుగులు బాగా తగ్గుతాయి కానీ పూర్తిగా పోవు. తుంగ గడ్డలు ఈ వేడికి సరిగా లొంగవు, వాటిని ముందే చేత్తో ఏరెయ్యాలి.

షీటు తీశాక చేసే పొరపాటు ఒకటుంది: లోతుగా తవ్వడం. తవ్వితే కింద బతికి ఉన్న గింజలూ పురుగులూ పైకి వస్తాయి. చేతి పారతో పైపైన కదిపితే చాలు.

వేడికి చెడ్డవాటితో పాటు మంచి సూక్ష్మజీవులు కూడా కొన్ని పోతాయి. అలా ఖాళీ అయిన చోట ముందుగా ఎవరు దిగితే వారిదే రాజ్యం. అందుకే షీటు తీయడానికి పది రోజుల ముందు, చెట్టు నీడలో 9 కిలోల పశువుల ఎరువు, కిలో వేప పిండి, 200 గ్రాముల ట్రైకోడెర్మా (మేలు చేసే శిలీంధ్రం) పొడి కలిపి, నీళ్లు చిలకరించి, తడి గోనెపట్టా కప్పి ఉంచండి. మధ్యలో ఒకసారి తిరగేయండి. షీటు తీసి మట్టి చల్లబడ్డాక మడుల మీద చల్లి పైపైన కలపండి. షీటు పరిచే ముందే ట్రైకోడెర్మా వేస్తే అదీ ఆ వేడిలోనే పోతుంది.

మే మొదటి వారంలో మీ మట్టి ఎండలో మగ్గుతుండగానే, వరండా నీడలో కీర, క్యాప్సికమ్ నారు పని మొదలవుతుంది. కీరకు రెండు మూడు వారాలు చాలు, క్యాప్సికమ్‌కు ఐదారు వారాలు పడుతుంది. అందుకే రెండూ ఒకేరోజు విత్తకూడదు. నాలుగో పాఠం ఆ ట్రేల గురించే. ఈ లోపు పాత మొక్కల వేర్లు కడిగి, ఏ మడిలో బుడిపెలు కనిపించాయో కాగితం మీద గీసి పెట్టుకోండి. ఆ గుర్తును బట్టే ఏ మడిలో ఏ పంట వేయాలో తేల్చుకుందాం.