తెల్ల వెంట్రుక కనిపిస్తే ముందుగా చూడవలసినవి

తలలో తెల్ల వెంట్రుక కనబడగానే రంగు ప్యాకెట్ కోసం పరుగెత్తకుండా, పగటి వెలుతురులో పాపిట తీసి, దాని కుదురు ఏ రంగులో ఉందో, కొస ఏ రంగులో ఉందో చూడండి. జుట్టు నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది కనుక, కుదురు నుంచి మూడు సెంటీమీటర్ల మేర తెల్లగా, ఆపైన నల్లగా ఉంటే, రంగు పడటం ఆగి దాదాపు మూడు నెలలైందని అర్థం. కుదురు నల్లగానే ఉండి కొసలు మాత్రం ఎర్రబడితే అది చాలావరకు ఎండ ప్రభావమే.

చర్మం దాటి బయటికి వచ్చిన వెంట్రుకలో జీవం ఉండదు. కుదురులోని మెలనోసైట్ కణాలు తయారుచేసే మెలనిన్ మాత్రమే దానికి రంగునిస్తుంది. పసితనంలో గోధుమ రంగులో ఉన్న జుట్టు పెద్దయ్యేసరికి నల్లబడటానికి ఈ మెలనిన్ పెరగడమే కారణం. వయసు పైబడేకొద్దీ ఆ కణాలను పుట్టించే మూలకణాలు తరిగిపోయి, రంగులేని వెంట్రుకలు మొలుస్తాయి. అందుచేత పైన రాసే నూనె ఏదైనా తెల్ల వెంట్రుకను మళ్ళీ నల్లగా మొలిపించగలదంటే నమ్మకండి. పీకినందువల్ల పక్క వెంట్రుకలు నెరవవు గాని, అదే కుదురు నుంచి మళ్ళీ తెల్లదే వస్తుంది.

మన దేశంలో సాధారణంగా 25 ఏళ్ళలోపే నెరిస్తే దాన్ని బాలనెరుపుగా భావిస్తారు. అమ్మానాన్నలకు ఏ వయసులో నెరిసిందో ముందు అడగండి, ఎందుకంటే ఎక్కువ మందిలో ఇది వంశపారంపర్యమే. ఇంట్లో ఎవరికీ లేకపోతే వైద్యుని సలహాతో విటమిన్ బి12, థైరాయిడ్ పరీక్షలు చేయించుకోవాలి. పాలు, పెరుగు కూడా తక్కువగా తీసుకునే శాకాహారులు బి12 విషయంలో మరీ జాగ్రత్తగా ఉండాలి. ఆ లోపం వల్ల నెరిసిన జుట్టుకు చికిత్సతో కొంత రంగు తిరిగి రావచ్చు. పొగతాగే అలవాటుంటే మానేయాలి. పసిపిల్లల జుట్టు పలచబడి రాగి రంగుకు తిరిగి, కాళ్ళు వాస్తే అది మాంసకృత్తుల లోపం కావచ్చు కనుక ఆలస్యం చేయకుండా పిల్లల వైద్యునికి చూపించండి.

ఇవన్నీ చూసుకున్నాక రంగు వేసుకోదలిస్తే, ముందుగా ప్యాకెట్ మీద పారాఫినైలిన్‌డయమైన్ (కొందరి చర్మానికి పడని, అలర్జీ కలిగించే రసాయనం) అనే పేరుందేమో చదవండి. నల్ల గోరింటాకు పేరుతో అమ్మే పొడుల్లోనూ అది కలుస్తుంటుంది. కొద్దిగా కలిపి మోచేతి మడతలో రాసి 48 గంటలు గమనించి, దురదగాని ఎర్రదనంగాని కనిపిస్తే ఆ రంగు తలకు పెట్టకండి.