చీమలు గుడ్లు మోస్తే వానొస్తుందా? పెద్దల మాటను పరీక్షించే పద్ధతి

"చీమలు గుడ్లు మోసుకుపోతుంటే వానొస్తుంది" అన్న మాట వినగానే కొందరు మన పూర్వీకులకు తెలియనిదేముంది అని మురిసిపోతారు, ఇంకొందరు మూఢనమ్మకం అని కొట్టిపారేస్తారు, లెక్క రాసుకునేవాళ్లు మాత్రం కనపడరు. దానికి ఒక నోట్‌బుక్కు, కాస్త ఓపిక చాలు.

ముందు వినండి. అడవిలోనో సముద్రం మీదో బతికే మనిషి ఒక మాట చెప్తే "నిజమేనా?" అని అడగొద్దు, ఆయన అక్కడితో నోరు కట్టేసుకుంటాడు. మీరే చూశారా, ఎవరైనా చెప్తే విన్నారా, ఏ నెలలో, ఏ చోట, ఎప్పుడైనా తప్పిందా అని అడగండి. బాగా తెలిసినవాళ్లు అది ఎక్కడ తప్పుతుందో కూడా చెప్తారు. ఆయన వాడిన మాటల్ని అలాగే రాసుకోండి.

తర్వాత కంటికి కనపడిందేమిటో, దానికి చెప్పిన కారణమేమిటో విడదీయాలి. ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే. పెరూ, బొలీవియాల్లో ఆండీస్ కొండల రైతులు జూన్ చివర్లో తెల్లారకముందే లేచి కృత్తికా నక్షత్రాలను చూస్తారు. మసగ్గా ఉంటే ఈసారి వానలు ఆలస్యం, తక్కువ అని బంగాళదుంప నాటడం వెనక్కి జరుపుతారు. చుక్కలకీ వానకీ ఏం సంబంధం అని ఎవరికైనా నవ్వొస్తుంది కదా? 2000లో నేచర్ పత్రికలో వచ్చిన పరిశోధన ఆ సంబంధాన్ని పట్టుకుంది. ఎల్ నినో ఏడాదుల్లో, అంటే పసిఫిక్ సముద్రం నీళ్లు మామూలుకంటే వేడెక్కిన ఏడాదుల్లో, ఆకాశంలో బాగా ఎత్తున, మామూలుగా కంటికి ఆననంత పల్చటి మబ్బు పెరుగుతుంది, దాంతో చుక్కలు మసకబారతాయి, అక్కడ వానలు తగ్గేదీ ఆ ఏడాదుల్లోనే. కారణం నచ్చలేదని రైతు చూసినదాన్ని కూడా పారేసి ఉంటే ఇది దొరికేదే కాదు.

ఇక పరీక్ష. రోజూ ఒకే వేళకి, అదే పుట్ట దగ్గర చూడండి. "వాన" అంటే నాలుగు చినుకులా, నేల తడవాలా, ఎన్ని గంటల్లోపు రావాలి అన్నది మొదలుపెట్టకముందే రాసిపెట్టుకోండి, తర్వాత మార్చొద్దు. పేజీలో నాలుగు గళ్లు గీయండి: మోశాయి వానొచ్చింది, మోశాయి రాలేదు, మోయలేదు వచ్చింది, మోయలేదు రాలేదు. మనకు గుర్తుండేది మొదటి గడి ఒక్కటే, అందుకే ప్రతి సామెతా నిజమనిపిస్తుంది. మోసిన 20 రోజుల్లో 14 రోజులు వానొచ్చిందనుకుందాం, 70 శాతం, భలే! కానీ మోయని 40 రోజుల్లో 28 రోజులు వానొస్తే అదీ 70 శాతమే, అంటే చీమలు మీకు కొత్తగా చెప్పిందేమీ లేదు. వానాకాలంలోనే చూసి ఊరుకుంటే ఇలాగే అవుతుంది, మిగతా కాలాల్లోనూ చూడండి. (అన్నట్టు, చీమలు మోసే ఆ తెల్లటివి చాలావరకు గుడ్లు కావు, వాటి పిల్లపురుగులూ, అవి చీమలుగా మారేముందు కదలకుండా ఉండే ప్యూపాలూ.)

లెక్క తేడా వస్తే తప్పు పెద్దాయనదే అనుకోకండి, మీరు లెక్కించిన తీరూ తప్పు కావచ్చు. అలాస్కాలో 1977లో బోహెడ్ తిమింగలాలు బాగా తగ్గిపోయాయని వేటను నిషేధించారు. అక్కడి ఇనూపియాట్ వేటగాళ్లు మాత్రం అవి మంచు కింద నుంచి, ఒడ్డుకు దూరంగా కూడా పోతాయి, మీరు చూసింది కొన్నింటినే అన్నారు. తర్వాత నీళ్లలో మైక్రోఫోన్లు పెట్టి, విమానాల్లోంచి చూసి లెక్కేస్తే మొదటి అంచనాకంటే చాలా ఎక్కువ తేలాయి.

పరీక్ష పెట్టకూడనివీ ఉన్నాయి. ఇండోనేషియాలోని సిమెలూయె దీవిలో 1907 సునామీ తర్వాత "స్మాంగ్" (అక్కడి భాషలో సునామీ) కథ తరాలుగా చెప్పుకుంటూ వచ్చారు: నేల గట్టిగా ఊగి సముద్రం వెనక్కి పోతే కొండెక్కు. 2004లో సుమారు 78,000 మంది ఉన్న ఆ దీవిలో సునామీకి చనిపోయింది ఏడుగురే. ఇలాంటి మాట విన్నప్పుడు నోట్‌బుక్కు తీయొద్దు, పరుగెత్తండి.

మందు మొక్కల సంగతైతే ఇంకా జాగ్రత్త. నోట్లో పెట్టుకుని పరీక్షించడం అసలు వద్దు, మోతాదు చిన్నగా తప్పినా విషమయ్యేవి ఉంటాయి. రాసుకునేముందే అనుమతి అడగండి, ఎవరు చెప్పారో వాళ్ల పేరు పెట్టొచ్చా అని కూడా అడగండి. సంప్రదాయ జ్ఞానం వాడుకుంటే వచ్చే లాభంలో ఆ జనానికి వాటా ఉండాలని 2010 నాటి నగోయా అంతర్జాతీయ ఒప్పందమే చెప్తోంది. మొక్క దొరికే చోటు బయటపెట్టొద్దంటే పెట్టకండి, ఫొటో తీసేముందు ఫోన్ కెమెరాలో లొకేషన్ ఆఫ్ చేయడం మర్చిపోకండి.